తడపని అక్షరాలు

లవంగం వాసన యంత్రానికి ఎలా తెలుస్తుందండీ? తెలియదు. యంత్రానికి తెలిసిందల్లా తెర మీద చిట్టచివర లేచిన ఒక బుల్లి గీత. దాన్ని చూసి లవంగం అని గుర్తుపట్టింది ఇందుమతి. గుర్తుపట్టి, వెనక ఎవరైనా నించున్నారేమోనని మెడ తిప్పి చూసి, చప్పున తెర ఆర్పేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ఫలితాన్ని దాచడం ఆమెకు అదే మొదలు.

ఆ గీత ఎవరి నోటిదో ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళాయన హగ్గయి పుచ్చుపన్ను పీకించుకోవడానికి భయపడి మూడేళ్ళుగా బుగ్గలో లవంగం పెట్టుకుని తిరుగుతున్నాడు. పీకించుకోవయ్యా మగడా అని ఆమె పోరుతూనే ఉంది, అతను ఊఁ కొడుతూనే ఉన్నాడు.

సంగతి కాస్త వెనక్కెళ్ళి చెప్పాలి. హైదరాబాదులో పాత రాతల పరిశోధనకని పెట్టిన ఒక సంస్థలో మొగుడూ పెళ్ళాలిద్దరూ పనిచేస్తారు. ఇందుమతి అక్కడ తయారుచేసిన యంత్రానికి కాగితాల మీద బారెడు పేరుంది గానీ, అందరూ ఊపిరి యంత్రం అనే అంటారు. పాతకాలపు హీబ్రూ లేఖకుడు తోలు మీదికి వంగి, ఒక్కో మాటా పైకి పలికి, ఆ తర్వాతే రాసేవాడు. వాళ్ళ నియమం అది. పలికినప్పుడు నోటి ఆవిరి తడి సిరాకి తగులుతుంది. సిరాలోని జిగురు ఆరుతూ ఆరుతూ ఆ ఊపిరిని లోపలే పెట్టుకుని మూసుకుపోతుంది. ఇందుమతి యంత్రం ఒక అక్షరాన్ని వేడిచేసి ఆవిరి చేస్తుంది. లోపలి ఊపిరి బయటికొస్తుంది, అందులోని కార్బన్ అణువులు అది ఎప్పటిదో చెబుతాయి. తోలు వయసు తేల్చే పద్ధతులు ఎప్పట్నుంచో ఉన్నాయిలెండి. కానీ దొంగలకు తెలివి తక్కువా? ఎక్కడో పాత ఖాళీ తోలు సంపాదించి, దాని మీద నిన్న రాసి ఇవాళ అమ్ముతారు. రాత ఎప్పటిదో చెప్పేది ఈ యంత్రం ఒక్కటే. కాకపోతే చదివిన అక్షరాన్ని అది మింగేస్తుంది. బూడిద కూడా మిగల్చదు.

ఇప్పుడు దాని కిందున్నది అరచేతికంటే కాస్త పెద్దదైన తోలు ముక్క. పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం వాక్యాలు కొన్ని. కొచ్చి నుంచి ఏనాడో వలసపోయిన ఒక వర్తక కుటుంబం తాలూకు ట్రస్టు పంపించింది. ఇవాళ యూదుల ప్రార్థన మందిరంలో చదివే ప్రతిలో ఎలా ఉందో, ఈ ముక్కలోనూ పొల్లు పోకుండా అలాగే ఉంది. ఆ గ్రంథం మాటలు ఎప్పుడు పుట్టాయి, ఎప్పుడు ఇక మార్చడానికి వీల్లేకుండా కుదురుకున్నాయి అన్నదాని మీద పండితులు జుట్లు పట్టుకుంటున్నారు. బాగా ఆలస్యంగా అని ఎక్కువమంది. కాదు, యూదులు బాబిలోనుకి చెరపోకముందే, అంటే రెండువేల ఆరువందల ఏళ్ళకు ముందే అని హగ్గయి. ఆ మాట మీద పుస్తకం రాస్తే సభల్లో నవ్వారు. ముక్క పాతదైతే నవ్విన నోళ్ళన్నీ మూతపడతాయి.

రెండేళ్ళ కిందట, యంత్రం ఇంకా కాగితం మీది బొమ్మల్లోనే ఉన్నప్పుడు, సిరా పొట్టు లేచిపోతున్న ఆ ముక్కను బాగుచేసింది కూడా హగ్గయే. నెల్లాళ్ళు అతని గదిలోనే ఉంది. తోలు పాతదేనని ముందే తేలింది. ఇప్పుడు ఊపిరి యంత్రం, ఈ రాత వయసు రెండేళ్ళు అంటోంది. పైగా లవంగం.

ఆ సాయంత్రం శుక్రవారం. ఇంట్లో అత్తగారు రిబ్కమ్మ దీపాలు వెలిగించి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ప్రార్థన చేస్తోంది. బాపట్ల అవతల ఒక పల్లెలో, మేం ఇశ్రాయేలు వాళ్ళం అని శనివారం పని మానేసి హీబ్రూలో ప్రార్థించుకునే కొద్ది కుటుంబాల్లో వాళ్ళదొకటి. ఇందుమతికి ఏ దేవుడి మీదా నమ్మకం లేదు. నమ్మకం లేని కోడలికీ నమ్మకమే ఊపిరైన అత్తకూ గోంగూర పచ్చడి దగ్గర తప్ప పేచీ రాలేదు ఇంతవరకు.

"ఏందమ్మాయ్, మొహం అట్టా పెట్టావ్? ఉప్పెక్కువైందా?"

"లేదత్తయ్యా. తలనొప్పి."

"ఆ యంత్రం ముందు కూసుంటే తలనొప్పి రాక తలంబ్రాలొస్తయ్యా?"

హగ్గయి నవ్వి, కంచం ముందు నుంచే అడిగాడు. "ఏం తేల్చింది మీ యంత్రం?"

"ఇంకా తేలలేదు. ముక్కను బాగుచేసినప్పుడు, చెరిగిన చోట ఏమన్నా సరిదిద్దావా నువ్వు? ఒక గీతో, చుక్కో?"

"పిచ్చా నీకు? అందులో చెయ్యి పెడితే ఇంకేమన్నా ఉందా!" అని నవ్వేశాడు. అంత తొందరగా ఎందుకు నవ్వాడు అనిపించింది ఇందుమతికి. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఆ పూటే వచ్చి వాళ్ళ మంచమ్మీద మూడో మనిషిలా పడుకుంది.

పొద్దున తల్లీకొడుకులు ప్రార్థనకని స్నేహితులింటికి వెళ్ళగానే ఆమె హగ్గయి బల్ల సొరుగులు లాగింది. రెల్లు కలాలు. దీపపు మసి, జిగురు కలిపి నూరిన సిరా. వాళ్ళవాళ్ళ పెళ్ళి పత్రాలు రాసేది అతనే, అవి ఉండడంలో వింత లేదు. అడుగున ఒక గుడ్డలో చుట్టి, రాత లేని పాత తోలు ముక్క కనిపించింది. ఇందుమతి దాన్ని తన సంచిలో పెట్టుకుంది. ఎవరి కోసం దాచాడు? దేనికి?

తిన్నగా సంస్థకు పోయి, ముక్క మీద వేరే వరుసలో అక్షరం తీసి చూసింది. రెండేళ్ళు. లవంగం. ఆ పై వరుసలో ఇంకోటి. అదే. ట్రస్టువాళ్ళు కాల్చడానికి ఒప్పుకున్న అక్షరాల్లో ఇక ఒక్కటే మిగిలింది.

డైరెక్టర్ కోదండపాణిగారు ఎప్పుడొచ్చి వెనక నించున్నారో ఏమో. "ఆ చివర గీత ఏంటమ్మా ఇందుమతీ?"

"ఏదో మలినం సార్."

"మలినమైతే మూడు చోట్లా ఒక్కలా ఉంటుందా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు పెంచే మనిషి కాదు ఆయన. "మీవారు లవంగం వాడతారు కదూ. లిఫ్టులో పక్కన నించుంటే తెలుస్తుంది."

ఇందుమతి తెర ఆర్పబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్షరాలు అందంగా రాస్తారు. పుస్తకం అందరూ కొట్టిపారేశారు. ముక్క నెల్లాళ్ళు చేతిలో ఉంది. నేనేమీ అనడంలేదమ్మా, మీరే చూడండి. సోమవారం సాయంత్రానికి ట్రస్టుకి రిపోర్టు వెళ్ళాలి. వాళ్ళు పోలీసుల దాకా పోతారు. భార్య దాచింది అన్న మాట కూడా మీకు రాకూడదని చెబుతున్నాను."

హగ్గయి శనివారం పని చెయ్యడు కాబట్టి ఆదివారం చేస్తాడు. ఆ ఆదివారం ఇందుమతి అతని గదిలోకి వెళ్ళి తలుపు వేసి, మూడు గ్రాఫులూ బల్ల మీద పరిచింది.

"అన్నిట్లో నీ ఊపిరి ఉంది. ఇదిగో లవంగం. ఇప్పుడు చెప్పు."

అతను గ్రాఫుల వంక కాదు, ఆమె వంక చూశాడు. "ఏం చెప్పాలి?"

"నువ్వు రాశావా?"

"లేదు."

"మరి సొరుగులో ఆ ఖాళీ తోలు దేనికి?"

"సొరుగులు కూడా వెతికావా!" అతను కుర్చీలో కూలబడ్డాడు. "పుట్టినప్పట్నుంచీ నన్ను అందరూ రుజువు అడిగినవాళ్ళే ఇందూ. తెలుగోడివి, బాపట్లోడివి, నువ్వు యూదుడివేంటి, రుజువేది? స్కూల్లో అడిగారు, ఆఫీసుల్లో అడిగారు. రంగు చూసి ఒకడు, కులం చూసి ఒకడు. ఇశ్రాయేలు దేశం నుంచి వచ్చిన పెద్దమనుషులు కూడా అడిగారు. అడగంది నువ్వొక్కదానివే. నిన్ను కట్టుకుంది సగం అందుకే."

ఆ మాటకు ఆమె గ్రాఫులు మడిచేయబోయింది. అయినా అనుమానం అనేది అంత తేలిగ్గా దిగే జ్వరం కాదు. "అయితే ఎలా బాగుచేశావో చేసి చూపించు. నా కళ్ళముందు చెయ్యి" అంది.

హగ్గయి ఇంటి నుంచి ఆమె పట్టుకొచ్చిన ఆ ఖాళీ తోలే తీసుకున్నాడు. ముందుగా తడిపి చూసుకోవడానికి ఉంచుకున్న ముక్కట అది. దాని మీద నాలుగు మాటలు రాసి ఆరబెట్టాడు. మాట పట్టేంత కంత ఉన్న రేకు ఒకటి పైన పరిచాడు. కంతలో ఒక్క మాటే కనబడుతుంది. ఆ మాట మీద సన్నటి కుంచెతో చెమ్మ అద్దాడు. జిగురు మెత్తబడి, లేచిన పొట్టు తోలుకి అంటుకుంటుంది. ఒకవేళ చెరిగితే ఆధారం ఉండాలి కాబట్టి, అది ఆరేలోపు ఆ మాటను పక్క కాగితంలోకి ఎత్తి రాసుకోవాలి. అతను మాస్కు కిందికి లాగి, తోలు మీదికి వంగి, ఆ మాటను గట్టిగా పలికాడు. తర్వాత రాశాడు. రేకు జరిపాడు. చెమ్మ, పలకడం, రాయడం.

"ఆగాగు. మాస్కు ఎందుకు తీశావ్?"

"ఎత్తి రాసేటప్పుడు ప్రతి మాటా పలకాలి కదా. గుడ్డ అడ్డం పెట్టుకుని ఆ మాటలు గొణుగుతామా?"

ఇందుమతి నెత్తి కొట్టుకుంది. పాతికేళ్ళ చదువు ఉన్న మనిషి, తోలు మీదికి చీమ రాకుండా కాపలా కాసిన మనిషి, భక్తి దగ్గరికొచ్చేసరికి ఇలా చేశాడు! తడిసి మెత్తబడిన జిగురు పాత ఊపిరిని వదిలేసి, ఎదురుగా వచ్చిన కొత్త ఊపిరిని పట్టుకుని మళ్ళీ ఆరిపోయింది. ఒక్కో మాటకీ, ఒక్కో వరుసకీ అంతే. యంత్రం అబద్ధం చెప్పలేదు. అలాగని ఇతనూ అబద్ధం చెప్పలేదు.

ఈలోగా అతను రేకు జరిపి నాలుగో మాట దగ్గర నోరు మూసుకున్నాడు. మొహం పక్కకి తిప్పాడు. చెమ్మ అద్దలేదు. ఆ కంత మీద చిన్న కాగితం కప్పేసి కలం కింద పెట్టాడు.

"అక్కడేం చేశావ్?"

"ఏం చెయ్యలేదు. అది దేవుడి పేరు. పలకం. నీళ్ళు తగిలి చెరిగిపోతుందేమోనని తడపడానికి చెయ్యి రాలేదు. అసలు ముక్కలో మూడు చోట్ల ఉంది, మూడూ అలాగే వదిలేశాను."

ఆమె పరుగున వెళ్ళి అసలు ముక్కను భూతద్దం కింద పెట్టింది. నిజమే. మిగతా రాతంతా నున్నగా ఉంది. ఆ మూడు పేర్లూ మాత్రం ఎండిన మడిలా బీటలు వారి ఉన్నాయి. ఎవరూ తడపలేదు, ఎవరూ వాటి మీద నోరు తెరవలేదు. ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. వెనక్కొచ్చి అతని భుజాలు పట్టుకుని ఊపింది.

"ఒక్క అక్షరం హగ్గయీ! ఆ పేరుకున్న నాలుగక్షరాల్లో ఒక్కటి కాలిస్తే చాలు. నీ మీద మచ్చ పోతుంది, నీ పుస్తకం నిలబడుతుంది."

"వద్దు."

"ఏం వద్దు?"

"ఆ పేరు రాశాక చెరపకూడదు. చిరిగిపోయిన ప్రతిని కూడా మేం మనిషిని పూడ్చినట్టు పూడుస్తాం. యంత్రం మొదలుపెట్టిన రోజు నువ్వే మాటిచ్చావు, దాని జోలికి వెళ్ళనని."

"అప్పుడు నిన్ను జైలుకి పంపుతామని ఎవరూ అనలేదు!"

"ఇంకో సంగతి. రాసినవాడు కూడా నాలాగే నోరు మూసుకుని రాసుంటే? అందులో ఊపిరే ఉండదు. కాల్చీ ఉపయోగం లేదు."

"అంత పాతకాలంలో పలికేవాళ్ళేమో. నీకు మాత్రం తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు." అతని కళ్ళు ఒక్క క్షణం ముక్క వైపు పోయి, తిరిగొచ్చాయి. "అయినా వద్దు."

సాయంత్రం ఇంటికెళ్ళి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. రిబ్కమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విన్నది. విని, చాట పక్కన పెట్టి, కోడలి తల మీద చెయ్యి వేసింది.

"ప్రాణం పోతందంటే కాల్చొచ్చమ్మాయ్. మా వాళ్ళే ఒప్పుకుంటారు, ప్రాణం కంటే పెద్దది లేదని. పరువు పోతందంటే కాదు."

"మీ అబ్బాయి పరువు అత్తయ్యా!"

"నా బిడ్డ పరువని నాకు తెలవదా? నాకు ఏడుపు రావట్లేదా?" ఆవిడ ముక్కు చీదుకుని మళ్ళీ చాట అందుకుంది.

సోమవారం పొద్దున కోదండపాణిగారు జరిగిందంతా ఓపిగ్గా విన్నారు. "కథ బాగుందమ్మా. ట్రస్టువాళ్ళు కథ తీసుకోరు. కాల్చి చూపించండి, లేదా రిపోర్టు మీద సంతకం పెట్టండి." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఒక్క మాట. సిరాని పొయ్యి దగ్గర పెట్టినా బీటలు వారుతుంది. మీరు దేన్ని కాల్చరో తెలిసినవాళ్ళు, దాన్ని తామే రాసినా నిశ్చింతగా ఉండొచ్చు. కాదంటారా?"

ఆయన వెళ్ళిపోయారు. ఆ మాట మాత్రం వెళ్ళలేదు.

ఇందుమతి యంత్రం ముందు కూర్చుంది. భూతద్దంలో నాలుగక్షరాలు. నిన్న ఆ రేకూ ఆ కంతా చూసినప్పుడు ఎంత గట్టిగా నమ్మింది! రాత్రి పడుకునేదాకా నమ్మింది. ఇప్పుడేమో, వద్దు అన్నప్పుడు అతని కళ్ళు ముక్క వైపు ఎందుకు పోయాయి అనిపిస్తోంది. ఊపిరే ఉండదని ముందే సాకు ఎందుకు చెప్పి పెట్టుకున్నాడు? దేవుడి పేరుకంటే మంచి తాళం ఏ దొంగకి దొరుకుతుంది? ఛీ, ఏం బుద్ధి ఇది అని తన్ను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే లెక్కలు వేసింది. సంతకం పెడితే అతని బతుకు పోతుంది. పెట్టను, యంత్రమే తప్పు అంటే ఆమె యంత్రం పోతుంది. అవి రెండూ ఓర్చుకోవచ్చునేమో. కానీ జీవితాంతం ఒకే కంచం దగ్గర కూర్చుని, ఇతను రాశాడా లేదా అని అతని నోటి వంక చూస్తూ అన్నం తినడం ఆమె వల్ల కాదు. అదీ అసలు భయం.

మీట నొక్కింది.

మొదటి పేరులోని మొదటి అక్షరం, ఒక చిన్న కొక్కెం లాంటిది, ఎర్రబడి మాయమైంది. తెర మీద చాలాసేపు ఏమీ రాలేదు. ఇక ఊపిరి లేదు కాబోలు అనుకుంటుండగా గీత లేచింది. లవంగం లేదు. రెండువేల ఆరువందల యాభై ఏళ్ళు.

కోదండపాణిగారు పరుగెత్తుకొచ్చి ఇందుమతి చేతులు పట్టుకుని ఊపేశారు. ట్రస్టుకి ఫోను, మంత్రిగారి ఆఫీసుకి ఫోను, ఎవరో స్వీట్లకి మనిషిని పంపారు. నిన్నటిదాకా అతని పుస్తకాన్ని కొట్టిపారేసినవాళ్ళంతా హగ్గయిగారేరీ, హగ్గయిగారేరీ అంటున్నారు. ఆ గోలకి హగ్గయి తన గదిలోంచి వచ్చాడు. అతను తెర వంక చూడలేదు. తిన్నగా ముక్క దగ్గరికి వెళ్ళి వంగి చూశాడు. అక్షరం ఉండాల్సిన చోట తోలు కనబడుతోంది.

అతను చొక్కా కాలరు దగ్గర రెండు చేతులతో పట్టుకుని గుండెల దాకా చింపుకున్నాడు. కన్నతండ్రి పోయిన రోజున చింపుకున్నాడు అలా. స్వీట్లు పట్టుకొచ్చిన మనిషి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీ కోసమే హగ్గయీ" అంది ఇందుమతి.

"నా కోసమైతే నేను వద్దన్నప్పుడు ఆగేదానివి."

అబద్ధం చెప్పడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. "అవును. నా కోసమే. నమ్మలేకపోయాను" అంది. అందరి ముందూ అంది.

ఇంటికొచ్చి అతను హాల్లో చాప కూడా లేకుండా నేల మీద కూర్చున్నాడు. రిబ్కమ్మ చిరిగిన చొక్కా చూసి, ఏమీ అడక్కుండానే కొడుకు పక్కన చేరి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చావు జరిగిన ఇంట్లో వాళ్ళ పద్ధతి ఒకటుంది. దుఃఖంలో ఉన్న మనిషి తనంతట నోరు విప్పేదాకా, వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. ఇందుమతికి ఆ పద్ధతి తెలుసు. తనకు అక్కడ కూర్చునే హక్కు ఉందో లేదో మాత్రం తెలియలేదు. చెప్పులు విడిచి, కొంచెం ఎడంగా, గోడ వారన కూర్చుంది. నన్ను తిట్టు, కొట్టు, పొమ్మను, ఏదో ఒకటి అను అని అరవాలనిపించింది. పళ్ళు బిగించి ఊరుకుంది.

ఎండ వాలింది. పక్కింటి కుక్కర్ కూసింది. ఫోను మోగి మోగి ఆగిపోయింది. రిబ్కమ్మ లేచి దీపం పెట్టి వచ్చి మళ్ళీ కూర్చుంది.

హగ్గయి తల ఎత్తకుండానే గొంతు సవరించుకున్నాడు. ఎన్నేళ్ళు అని అడుగుతాడనుకుంది ఇందుమతి. అతను అది అడగలేదు. దాని మీద అతనికి ఏనాడూ అనుమానం లేదు.

"ఆ పేరు పలికాడా?" అన్నాడు.

క్షమించి అడుగుతున్నాడా, ఉండబట్టలేక అడుగుతున్నాడా అని ఆమె మనసు పాత అలవాటుగా ఆరా తీయబోయింది. నోర్ముయ్యి అని దాన్ని కసిరింది. పాక్కుంటూ అతని దగ్గరికి వెళ్ళింది.

"పలికాడు హగ్గయీ. గట్టిగా పలికాడు."

అతను మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతన్ని ముట్టుకోలేదు. పక్కనే కూర్చుంది.